వంకర చెక్కదా, మన తొందరదా?



వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోయి, భుజంతో నెడితే గాని తెరుచుకోకపోవడం మీరు గమనించే ఉంటారు. అదే తలుపు మే నెల వచ్చేసరికి సందులిచ్చి, గాలికి టపటప కొట్టుకుంటుంది. తలుపు మారలేదు, గుమ్మమూ మారలేదు. మరి మారిందేమిటి?

ఈ ప్రశ్నను నేను ఎన్నో ఏళ్లుగా తరగతిలో అడుగుతున్నాను. జవాబు కూడా నేనే నల్లబల్ల మీద రాస్తున్నాను: "చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిగా ఉంటే వదిలిపెడుతుంది." కాని రాయడం వేరు, తెలియడం వేరు. నాకీ సంగతి నిజంగా తెలిసింది 2022 డిసెంబరులో. అదీ ఒక తప్పు చేసిన తరవాత. ఆ తప్పేమిటో ముందు చెబుతాను. ఆ పైన, మన బడుల్లో జరిగే వైజ్ఞానిక ప్రదర్శనల గురించి నా అభిప్రాయం ఒకటి మీ ముందు పెడతాను. నచ్చకపోతే మీ మాస్టారితో కలిసి నాతో వాదించండి.

టర్కీ కోడిని పిలిచే గిన్నె

ఆ ఏడు ధ్వనికి సంబంధించిన నమూనా ఒకటి చేసి ప్రదర్శనకు తీసుకుపోవాలని మా పిల్లలు, నేను అనుకున్నాం. అందరూ చేసే అగ్గిపెట్టెల టెలిఫోను కాకుండా కొత్తది చేద్దామని నా ఆశ. అమెరికాలో అడవి టర్కీ కోళ్లను పిలవడానికి వాడే ఒక చిన్న సాధనం గురించి అంతకు ముందు చదివి ఉన్నాను. టర్కీ కోడి మీకు తెలియనిది కాదు. మన ఊళ్లలోనూ అక్కడక్కడ పెంచుతున్నారు. దాని పుట్టిల్లు మాత్రం ఉత్తర అమెరికా. అక్కడి వేటగాళ్లు, పక్షులను చూడబోయేవాళ్లు పెట్ట కూతను అనుకరించి పుంజును దగ్గరికి రప్పిస్తారు.

ఆ సాధనం నిర్మాణం చాలా సులువు. అరచేతిలో పట్టేంత గుండ్రని చెక్క గిన్నె ఒకటి. లోతు ఒక అంగుళానికి మించదు. దాని నోటిలో పలచని పలకరాతి బిళ్లను అమర్చి అతికిస్తారు. గిన్నె అడుగున కొన్ని రంధ్రాలు ఉంటాయి. సన్నని కర్రపుల్లను ఆ పలక మీద కాస్త వాలుగా ఆనించి, చిన్న చిన్న వలయాలుగా గీస్తే కోడిపెట్ట పిలిచినట్టే శబ్దం వస్తుంది.

ఎలా వస్తుందంటారా? పుల్ల కొస పలకను ఒక క్షణం పట్టుకుంటుంది, మరుక్షణం జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఇది సెకనులో ఎన్నో వందలసార్లు జరుగుతుంది. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమనడానికీ, వయొలిన్ తీగ మీద కమాను లాగినప్పుడు స్వరం పలకడానికీ కారణం ఇదే. ఆ కంపనాలు పలక నుంచి గిన్నెకు, గిన్నెలోని గాలికి అందుతాయి. అందుకే శబ్దం గట్టిగా వినిపిస్తుంది. అయితే పలక అంచు గిన్నెకు చుట్టూ సమంగా అతుక్కుని ఉండాలి. ఒక్కచోట ఊడినా కూత కాస్తా గరగరగా మారిపోతుంది.

ఇక్కడ ఒక మాట. మన దేశంలో అడవి పక్షుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. మేం చేయదలచుకున్నది ధ్వనిని చదువుకోవడానికే తప్ప ఏ పక్షినీ మోసగించడానికి కాదు.

పలకలకు కొదవ లేదు. మా ఇంటి అటక మీద పాత మార్కాపురం రాతి పలకలు ఉన్నాయి. కావలసినవి గిన్నెలే.

పచ్చి కట్టె

సూర్యాపేటలో లేతు మీద మంచం కోళ్లు, మెట్ల కటకటాల కడ్డీలు తిప్పే వడ్రంగి మేస్త్రీ ఒకాయన ఉన్నారు. ఆయన కూతురు అప్పుడు మా బడిలో ఎనిమిదో తరగతి. అక్టోబరు వానకు విరిగిపడిన పెద్ద వేపకొమ్మ ఒకటి ఉంటే, దాన్ని కోయించి ఆయన దగ్గరికి తీసుకుపోయాను. "లోపలి వ్యాసం సరిగ్గా 80 మిల్లీమీటర్లు ఉండాలి. పన్నెండు గిన్నెలు కావాలి. నవంబరు 20కల్లా ఇవ్వాలి" అన్నాను.

ఆయన చెక్కను చేతిలోకి తీసుకుని బరువు చూశారు. గోటితో గీకి వాసన చూశారు.

"సారూ, ఇది పచ్చి కట్టె. ఇప్పుడు తిప్పితే గుండ్రం నిలవదు. సంకురాత్రి దాటనియ్యుండ్రి" అన్నారు.

"ప్రదర్శన డిసెంబరు మొదటి వారంలో మేస్త్రీ. అంతదాకా ఆగితే మాకెందుకు?" అన్నాను.

ఆయన మరేమీ అనలేదు. చెప్పిన తేదీకే గిన్నెలు వచ్చాయి. స్కేలు పెట్టి ఒక్కొక్కటే కొలిచాను. ఎటు కొలిచినా 80. పిల్లలు పలకబిళ్లలు అరగదీసి, సరిగ్గా పట్టేలా అమర్చి, గట్టి జిగురుతో అతికించారు. వారం రోజులపాటు బడి అంతా టర్కీ కోళ్ల కూతలే!

ప్రదర్శన రోజు పొద్దున పెట్టె తెరిచి చూద్దుము గదా, నాలుగు గిన్నెల్లో పలక పైకి తన్నుకొచ్చింది. మూడింటిలో జిగురు విడిపోయింది. రెండు గిన్నెల అంచు పగిలింది. కూత సరిగ్గా పలికినవి మూడే. మా బల్ల దగ్గరికి వచ్చిన పరిశీలకులు ఒకసారి చూసి పక్క బల్లకు వెళ్లిపోయారు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద? మేస్త్రీ మీద. ఇంకా ఇవ్వవలసిన మజూరీలో 300 రూపాయలు తగ్గించి ఇచ్చాను. అంతటితో ఊరుకోక, ఉపాధ్యాయుల గదిలో నలుగురి ముందు "ఈ పనివాళ్లకు కొలత మీద శ్రద్ధ ఉండదు" అన్నాను. హాజరుపట్టీ ఇవ్వడానికి వచ్చిన ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉందని తరవాత చూశాను.

లేతు కోడిగుడ్డును చేయదు

రెండు రోజులయ్యాక ఆ అమ్మాయి ఒక గిన్నె, స్కేలు, నోటుపుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, పన్నెండు గిన్నెలూ కొలిచిన. కట్టెలో గీతలు ఎటు పోతున్నయో అటు కొలిస్తే 80 అట్లనే ఉంది. గీతలకు అడ్డంగ కొలిస్తే 77 ఉంది. అన్నిట్ల అంతే. లేతు మీద తిరిగేది గుండ్రంగనే తెగుతది గద సార్. కోడిగుడ్డు తీరుగ ఎట్ల తెగుతది?"

పిల్లలూ, ఈ ప్రశ్న విలువ ఎంతటిదో ఒక్క క్షణం ఆలోచించండి. లేతు మీద చెక్క ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఉలి ఒకచోట ఆని ఉంటుంది. కనుక ఉలి ఎంత చెక్కినా వచ్చేది వృత్తమే. కొలత తప్పితే వృత్తం చిన్నదో పెద్దదో అవుతుంది గాని కోలగా మాత్రం కాలేదు. గిన్నె కోలగా ఉందంటే, అది లేతు దిగిన తరవాత మారిందన్నమాట! వాళ్ల నాన్న తప్పు లేదని ఆ అమ్మాయి అలిగి చెప్పలేదు. ఏడ్చి చెప్పలేదు. కొలిచి, రుజువు చేసి చెప్పింది. బీయీడీ చదివిన నేను ఆ పని చేయలేదు.

చెక్కలో దాగిన నీరు

చెక్కను దగ్గరగా చూస్తే అది నిలువునా పేర్చిన సన్నని గొట్టాల మోపులా ఉంటుంది. తడిసిన వరిగడ్డి కట్టను ఊహించుకోండి. ఎండితే ప్రతి పరకా సన్నబడుతుంది గాని పొడవు తగ్గదు కదా! చెక్క సంగతీ అంతే. గీతల వెంబడి, అంటే పోగుల పొడవునా, చెక్క కుంచించుకుపోవడం వెయ్యికి ఒకటి రెండు వంతులకు మించదు. అడ్డంగా మాత్రం వందకు ఎన్నో వంతులు కుంచించుకుపోతుంది. మా గిన్నెలను పలక చెక్క నుంచి తిప్పారు. కనుక ఒక వ్యాసం పోగుల వెంబడి, ఒక వ్యాసం పోగులకు అడ్డంగా పడింది. మొదటిది 80 దగ్గరే నిలిచింది. రెండోది 77కు దిగింది. వృత్తం కోలగా మారింది.

మధ్యలో ఇరుక్కున్న రాతిబిళ్ల సంగతి ఏమిటి? రాయి కుంచించుకుపోదు. చెక్క రెండు పక్కల నుంచీ నొక్కుతుంటే పలక పైకి తన్నుకు రావాలి, లేదా జిగురు విడిపోవాలి, లేదా చెక్కే పగలాలి. మా పెట్టెలో ఈ మూడూ జరిగాయి.

మరి మొదటి వారం అంతా బాగానే ఎందుకు ఉంది? దానికీ కారణం ఉంది. పచ్చి చెక్కలో నీరు రెండు రకాలుగా ఉంటుంది. గొట్టాల బోలులో నిండి ఉన్న నీరు ఒకటి. గొట్టాల గోడల్లో ఇంకి ఉన్న నీరు ఇంకొకటి. ముందుగా ఆరిపోయేది బోలులోని నీరు. కుండలోని నీళ్లు ఖాళీ అయితే కుండ చిన్నదవుతుందా? కాదు. అలాగే చెక్క బరువు తగ్గుతుంది గాని కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తరవాత గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. అప్పుడే చెక్క కుంచించుకుపోతుంది. మేం కొలిచి మురిసిపోయినది ఆ మొదటి దశలోనే!

ఈ తేమ శాతం అన్న మాట మిర్యాలగూడ వైపు పిల్లలకు కొత్త కాదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లు, వరుసగా నిలిచిన రైసు మిల్లులు, కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రం మీరంతా చూసినవే. 17 శాతానికి మించి తేమ ఉంటే వడ్లు మళ్లీ ఆరబెట్టమంటారు. అయితే వడ్ల లెక్కకూ చెక్క లెక్కకూ ఒక తేడా ఉంది. 17 శాతం అంటే 100 కిలోల వడ్లలో 17 కిలోల నీరు. అంటే మొత్తం బరువు మీద లెక్క. చెక్కకు మాత్రం పూర్తిగా ఎండిన బరువు మీద లెక్క కడతారు. పచ్చి ముక్క 160 గ్రాములుండి, పూర్తిగా ఎండాక 100 గ్రాములైతే పోయిన నీరు 60 గ్రాములు. కనుక తేమ 60 శాతం. ఈ లెక్కన కొన్ని పచ్చి కర్రల్లో తేమ 100 శాతం దాటుతుంది కూడా. అదేమిటి, చెక్క కంటే నీరే ఎక్కువా అని ఆశ్చర్యపోకండి. అవును, నీరే ఎక్కువ!

ఇంకొక చిక్కు. అడ్డంగా కుంచించుకుపోవడంలోనూ రెండు దిక్కులున్నాయి. మొద్దు కోసిన చోట మీరు వలయాలు చూసి ఉంటారు. నడిమి నుంచి బెరడు వైపుకు కుంచించుకుపోవడం తక్కువ. వలయాల వెంట కుంచించుకుపోవడం దానికి దాదాపు రెండింతలు. టేకు చాలా నెమ్మదైన కర్ర అంటారు. దానిలో కూడా పచ్చిది పూర్తిగా ఎండేసరికి ఒక దిక్కున సుమారు రెండున్నర శాతం, ఇంకో దిక్కున సుమారు ఐదున్నర శాతం తగ్గుతుంది. పలక చెక్క దోనెలా వంగడానికి కారణం ఈ తేడాయే. అన్ని దిక్కులా సమంగా తగ్గితే చెక్క చిన్నదవుతుంది గాని వంకరపోదు. వంకర అన్నది తేడాల వల్ల పుడుతుంది.

వంకరను ఆపేది ఎలా?

ఆ అమ్మాయి వెళ్లాక మళ్లీ మేస్త్రీ దగ్గరికి పోయాను. తగ్గించిన 300 రూపాయలూ ఇచ్చి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన నవ్వి, "కట్టె మన మాట వినదు సారూ, మనమే దాని మాట వినాలె" అన్నారు. ఆ రోజు ఆయన దగ్గర రెండు గంటలు కూర్చుని నేర్చుకున్నది, తరవాత పుస్తకాలు చూసి సరిపోల్చుకున్నది ఇదీ:

ఒకటి. మొద్దు కోసిన వెంటనే రెండు కొసలకూ మైనం గాని, పాత రంగు గాని పూయాలి. గొట్టాల నోళ్లు కొసల దగ్గరే తెరిచి ఉంటాయి కనుక నీరు అక్కడి నుంచి చాలా త్వరగా పోతుంది. కొస ముందు ఎండి నడుమ పచ్చిగా ఉంటే కొస పగులుతుంది.

రెండు. మొద్దు నడిమి గుజ్జు భాగం గిన్నెలోకి రాకుండా కోసుకోవాలి. పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

మూడు. చెక్కలను నీడలో, గాలి ఆడేలా పేర్చాలి. కోదాడ మీదుగా పోయినప్పుడు సామిల్లు ఆవరణలో చూడండి. చెక్కకూ చెక్కకూ నడుమ సన్నని బద్దలు అడ్డంగా పెట్టి పేరుస్తారు. చోటు ఉండి అలా పేర్చారని అనుకోకండి. నాలుగు పక్కలా సమంగా ఆరాలని ఆ ఏర్పాటు. ఎండలో పడేస్తే పై ముఖం ముందు ఆరి, కింది ముఖం పచ్చిగా ఉండి, చెక్క వంగుతుంది. అంగుళం మందానికి ఒక ఏడాది అన్నది పాతకాలపు అంచనా.

నాలుగు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. గుండ్రని వస్తువును రెండుసార్లు తిప్పాలి. మొదటిసారి మోటుగా, కావలసినదాని కంటే మందంగా తిప్పి వదిలేయాలి. వ్యాసంలో పదో వంతు మందం ఉంచడం చాలామంది పాటించే లెక్క. ఆ మోటు గిన్నెను దాని పొట్టుతోనే కాగితపు సంచిలో పెట్టి ఉంచితే మెల్లగా ఆరుతుంది. వంగేదంతా వంగనివ్వాలి. పూర్తిగా ఆరాక మళ్లీ లేతు మీద పెట్టి, కోలను వృత్తంగా దిద్ది, అసలు కొలతకు తేవాలి.

ఐదు. పని పూర్తయ్యాక లోపలా బయటా రెండు వైపులా సమంగా మెరుగు నూనె గాని, లక్క గాని పట్టించాలి. ఒక వైపే పూస్తే రెండో వైపు నుంచి తేమ ఆడుతూ ఉంటుంది, మళ్లీ వంకర వస్తుంది.

ఆరు. పలకబిళ్ల చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ వదిలి, కాస్త సాగే గుణమున్న జిగురుతో అతికించాలి. ఎందుకంటే బాగా ఎండిన చెక్క కూడా ఊరికే ఉండదు. గాలిలో తేమ సగం మాత్రం ఉన్నప్పుడు చెక్కలో తేమ సుమారు 9 శాతం దగ్గర నిలుస్తుంది. ముసురు పట్టి గాలిలో తేమ 80 శాతానికి పోతే చెక్క తేమ సుమారు 16కు పెరుగుతుంది. మీ ఇంటి తలుపు కథ ఇదే.

ఆరిందని ఎలా తెలుస్తుంది? తూకం చెబుతుంది. 2023 ఫిబ్రవరిలో మేస్త్రీ మళ్లీ ఆరు మోటు గిన్నెలు తిప్పి ఇచ్చారు. ప్రతి ఆదివారం చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి రాసే పని ఆ అమ్మాయి, ఆమె స్నేహితురాళ్లు తీసుకున్నారు. ఒక గిన్నె లెక్క చూడండి: 110 గ్రాములు, 98, 90, 85, 82, 80, 79, 79. మొదటి వారం 12 గ్రాములు పోయాయి. చివరి వారం ఏమీ పోలేదు. తూకం నిలిచిందంటే చెక్కకూ గాలికీ రాజీ కుదిరిందన్నమాట. ఈ అంకెలను గ్రాఫు కాగితం మీద గీస్తే మొదట నిటారుగా దిగి, పోను పోను చదునయ్యే చక్కని వక్రరేఖ వస్తుంది. ఆ రేఖను ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా చూపలేదని నాకనిపించింది.

ఏప్రిల్‌లో ఆ ఆరింటినీ రెండోసారి తిప్పారు. ఆ ఏడు వానాకాలం గడిచింది, చలికాలం గడిచింది. ఆరింటిలో ఐదు ఇప్పటికీ చక్కగా కూస్తున్నాయి. ఆరోది నా చేతి నుంచి జారిపడి పగిలింది. దానికి చెక్కను అనలేం కదా!

మన చేతివృత్తుల్లో ఈ శాస్త్రం

ఇదంతా ఒక్క మేస్త్రీకి తెలిసిన సంగతి కాదు. సూర్యాపేట, కోదాడ దాటి విజయవాడకు పోయే దారిలోనే కొండపల్లి ఉంది. అక్కడ బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్రను ముందు బాగా ఆరబెట్టి తేమ పోగొడతారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మన నిర్మల్ బొమ్మలదీ పొణికి కర్రే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పి, తిరుగుతుండగానే లక్కకణికను దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆరని కర్ర మీద అంత నున్నని లక్కపూత నిలవదు.

ఇటు డెహ్రాడూన్‌లో 1906లో ఏర్పడిన అటవీ పరిశోధన సంస్థ, బెంగుళూరులోని కలప విజ్ఞాన సంస్థ మన దేశపు కర్రలను శాస్త్రీయంగా పరిశీలిస్తూ వచ్చాయి. వాళ్లు అంకెల్లో చెప్పేదాన్నే మేస్త్రీ గోటితో, వాసనతో, చేతి బరువుతో చెబుతాడు. రెండూ ఒకే జ్ఞానానికి రెండు భాషలు. మనం ఒక భాషను మాత్రమే బడిలోకి రానిచ్చి, రెండోదాన్ని గుమ్మం బయట నిలబెడుతున్నాం. నా బాధ అదే.

నా అభిప్రాయం

కొందరు మిత్రులు అడుగుతారు: "ఇంత ఓపిక ఇప్పుడెవరికుంది మాస్టారూ? ప్లాస్టిక్ గిన్నె కొంటే వంకరే ఉండదు కదా! కార్ఖానాల్లో వేడి గదుల్లో పెట్టి నెలల పని రోజుల్లో చేయడం లేదా?"

మంచి ప్రశ్నే. తొందర ఎప్పుడూ తప్పని నేను అనను. వేడి గదిలో చెక్కను ఆరబెట్టేవారు వేడితోపాటు గాలిలోని తేమను కూడా అదుపులో ఉంచుతారు, చెక్క తేమను కొలుస్తూ పోతారు. కొలిచే తొందర అది. అక్కడ కూడా మితిమీరితే పైపొర బిగిసిపోయి లోపల పగుళ్లు వస్తాయి. ప్లైవుడ్‌లో ఒక పొర పోగులు నిలువుగా, ఇంకో పొర పోగులు అడ్డంగా పేర్చి, ఒకదాన్ని ఇంకొకటి కదలకుండా పట్టుకునేలా చేశారు. అదీ తెలివైన పనే. చెక్క గుణం తెలిసినవాళ్లు కనిపెట్టినవే ఇవన్నీ. నేను తప్పు పట్టేది కొలవని తొందరను. 2022లో నాకున్నది అదే.

మన ప్రదర్శనల తీరు ఇలాంటి తొందరనే పెంచుతోందని నా అభిప్రాయం. తేదీ రెండు మూడు వారాల ముందు తెలుస్తుంది. వెంటనే అట్టలు, థర్మాకోలు, రంగుకాగితాలు, లేదంటే దుకాణంలో కొన్న నమూనా. ప్రదర్శన అయిన మర్నాడు అవన్నీ మూలన పడతాయి. రెండు వారాల్లో మెరిసే నమూనా తయారవుతుంది గాని పరిశీలన తయారు కాదు. చెక్క ఆరడం, విత్తనం చెట్టవడం, ఇనుము తుప్పు పట్టడం, చెరువు నీటిమట్టం మారడం వంటి వాటికి నెలలు కావాలి. నెలలు పట్టే ప్రశ్నలకు మన ప్రదర్శనల్లో చోటే లేకుండా పోతోంది.

అందుకని నేను కోరేది మూడు సంగతులు. ప్రదర్శనకు అంశాన్ని జూన్‌లో బడులు తెరవగానే ఎంచుకోవాలి, చూపేది జనవరిలో కావాలి. పరిశీలకులు నమూనా మెరుపుకంటే ముందు పిల్లల నోటుపుస్తకం తెరిచి చూడాలి. అందులో తప్పిన ప్రయోగానికీ మార్కులుండాలి. మూడోది, ఊళ్లోని వడ్రంగిని, కమ్మరిని, కుమ్మరిని, నేతగాణ్ణి ఏడాదికి ఒక్కసారైనా తరగతికి పిలిచి, కుర్చీ వేసి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలి. వాళ్ల సమయానికి మజూరీ కూడా ఇవ్వాలి.

ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కష్టమంతా మనం ఆగడంలోనే ఉంది.

మీరు చేసి చూడండి

ఒక అట్టముక్కను తీసుకుని ఒక వైపు మాత్రమే తడి గుడ్డతో అద్దండి. ఎటు వంగుతుందో చూడండి. ఆరాక ఏమవుతుందో చూడండి. తరవాత విరిగిపడిన పచ్చి కొమ్మ నుంచి అంగుళం మందపు బిళ్లలు రెండు కోయించండి. పెద్దవాళ్ల చేతే కోయించండి. ఒకదాన్ని ఎండలో, ఒకదాన్ని కాగితపు సంచిలో నీడన పెట్టండి. వారానికొకసారి తూచి, రెండు దిక్కులా కొలిచి, తేదీతో సహా రాయండి. ఏది ముందు పగిలింది? తూకం ఎన్నో వారం నిలిచింది? మీ ఊరి వేపకూ, తుమ్మకూ, మామిడికీ తేడా ఉందా?

లెక్కలు చేతికి వచ్చాక మీ ఊరి మేస్త్రీకి చూపించండి. ఆయన ముందే చెప్పగలిగిన వాటిని ఒక వైపు, చెప్పలేకపోయిన వాటిని ఒక వైపు రాసుకోండి.

మా బడిలో ఇప్పుడు ప్రయోగశాల అటక మీద ఒక అర ఉంది. అందులో కర్రముక్కలు ఆరుతున్నాయి. ఒక్కొక్క ముక్క మీద కోసిన తేదీ, మొదటి తూకం రాసి ఉన్నాయి. ఆ అర మీద పేరు రాయడానికి నన్నే పిలిచారు. "ఏమని రాయమంటారు?" అని అడిగితే, పిల్లలు ఏకకంఠంతో చెప్పిన మాటే రాశాను: "పచ్చి కట్టె. సంకురాత్రి దాటనియ్యుండ్రి."